గంప కింద పిట్టపిల్ల

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకొంచెం. నలుగురిలో గట్టిగా చెప్పే మాట కాదిది. పదేళ్లుగా నా గొంతులో ఒక ముద్ద అడ్డం పడి ఉంది. అన్నం దాని మీదుగానే దిగుతుంది. నవ్వు దాని పక్క నుంచే వస్తుంది. ముప్పై ఏళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. బహుశా అందుకే నోరు తెరవగలుగుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ దాటేస్తాను. నా వల్ల ఒక పిట్టపిల్ల చచ్చిపోయింది. అది ఒక తప్పు. ఆ చావును తీసుకుపోయి నా తోడికోడలి చేతులకు అంటగట్టాను. అది రెండోది. మొదటిది ఒక పూటలో అయిపోయింది. రెండోది ఇంకా నడుస్తూనే ఉంది.

పేరు చెప్పను. ఊరు చెప్పను. నల్లగొండ జిల్లాలో, సగం ఇళ్లలో మగ్గం చప్పుడు వినబడే ఊరు అనుకోండి చాలు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నా అక్షరాలు వంకర పోతాయి గానీ జ్ఞాపకం వంకర పోదు. ఎవరి పెళ్లికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో, ఎవరింట్లో పురుడు పోసిన రోజు ఏ కూర వండారో అడగండి, ఇప్పుడే చెబుతాను. మా వాడకట్టు పిల్లలంతా నా చుట్టూ చేరి కథ చెప్పమంటారు. ఎన్ని చెప్పానో లెక్కలేదు. ఇది మాత్రం చెప్పలేదు. చెప్పకుండా దాచిన కథ, చెప్పిన కథలన్నిటికంటే బాగా గుర్తుంటుందని నాకు ఈ పదేళ్లలోనే తెలిసింది.

మాది చేనేత ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద మా ఇంటాయన, ఇంకోదాని మీద మా మరిది. ఆడవాళ్లం ఆసు పోస్తాం. ఆసు అంటే తెలియనివాళ్లు ఉంటారు, చెబుతాను. అర్ధచంద్రం లాంటి చెక్కకు వరుసగా పుల్లలు దిగేసి ఉంటాయి. దాని ముందు కూర్చుని పట్టు పోగును ఒక్కో పుల్ల చుట్టూ తిప్పి వెనక్కి తేవాలి. చెయ్యి పోతూ వస్తూ ఉండాలి, పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా. తర్వాత ఆ పోగులకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఆసులో లెక్క తప్పితే చీర మీద పువ్వు చెదురుతుంది. కాబట్టి ఆసు పోసే మనిషి తల ఎత్తదు. మా ఆసు వసారాలో ఉంటుంది. ఎదురుగా వాకిలి. వాకిట్లో ఒక మూల దానిమ్మ చెట్టు.

తోడికోడలి పేరు స్వరూప అని పెడుతున్నాను. అసలు పేరు కాదు. హాలియా వైపు పిల్ల. వాళ్ల నాయిన మగ్గం వదిలేసి బట్టల దుకాణంలో కుదురుకున్నాడు, అందువల్ల ఆమెకు ఆసు రాదు. పదో తరగతి దాకా చదివింది, పుస్తకం పట్టుకుంటే గడగడా చదువుతుంది, పట్టు పోగు పట్టుకుంటే తెంపేది. వెనక కూర్చుని, ఆమె చేతి మీద నా చెయ్యి వేసి నేనే నేర్పాను. మా అత్తమ్మ దాన్ని చూసి, "ఇద్దరు గలిసి ఒక్క చెయ్యితోని పని జేస్తుండ్రు, ఒక్క గిన్నెల్నే తినుండ్రి మరి" అనేది. నిజంగానే ఒక్క గిన్నెలో తిన్న రోజులున్నాయి. నన్ను అక్కా అనేది. నేను చెల్లె అనేదాన్ని. వరసకు కాదు, నోరారా.

తెలంగాణ వచ్చిన ఏడాది చలికాలంలో ఆమెకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత. అద్దాల పెట్టెలో పెట్టారు. రెండు రోజులు ఉండి పోయింది.

నెల దాటాక ఒకరోజు ఇద్దరం దండెం మీద బట్టలు ఆరేస్తున్నాం. ఒక తడి చీర కొసలు చెరోవైపు పట్టుకొని పిండుతున్నాం. ఆమె చీర చాటు నుంచి, మొహం కనబడకుండా, నాకొక మాట చెప్పింది. ముట్టుకోవద్దని నర్సమ్మ చెప్పిందట. చూడటానికి వెళ్లినప్పుడు ఎవరూ లేరట. పెట్టె పక్కన ఉన్న సందులోంచి చెయ్యి పెట్టి పిల్లను ముట్టుకుందట. పిల్ల ఆమె వేలు పట్టుకుందట. తెల్లారి పోయింది.

"నేను ముట్టినందుకేనా అక్కా?" అంది.

అప్పుడు నేను మంచి మనిషినే. "నీ ఏలుతోని ఏమైతదే పిచ్చిదానా. ఊపిరితిత్తులు తయారు కాలేదని డాక్టరు చెప్పలేదా?" అని చీర వదిలేసి దగ్గరికి తీసుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. మొగుడికి కూడా చెప్పలేదు, నాకే చెప్పింది.

కాబట్టి నాకు తెలుసు. ఆమెకు ఎక్కడ పచ్చిగా ఉందో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. తెలియక అన్నానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం. దానిమ్మ చెట్టు మీద పిగిలిపిట్టలు గూడు కట్టాయి. చూసే ఉంటారు, నల్లటి తల మీద చిన్న కుచ్చు, తోక కింద ఎర్రగా ఉంటుంది. మా ఇంట్లో కట్టే గూడు వేరేగా ఉంటుంది లెండి. గడ్డి పుల్లల మధ్య ఎర్ర పోగు, పచ్చ పోగు, మేం తెంపి పారేసిన పట్టు దారాలన్నీ ఏరుకుని అల్లుకుంటాయి. మా అత్తమ్మ వాటిని చూసి, "నా కొడుకులు నేసేటియి ఎవళ్లో కట్టుకపోతరు, నా ఇంటి పట్టు పిట్టలన్న కట్టుకోని" అనేది.

ఆ పట్టు దారమే ఒక పిల్ల కాలికి చుట్టుకుంది. రెక్కలొచ్చిన పిల్ల, గూటిలోంచి దూకబోయి దారానికి తలకిందులుగా వేలాడింది. స్వరూప చూసింది. ముడులు కోసే బ్లేడు తెచ్చి, ఒక చేత్తో పిల్లను పట్టుకొని ఇంకో చేత్తో దారం కోసింది. పిల్ల ఆమె అరచేతిలో కూర్చుంది. ఒళ్లంతా ఈకలే గానీ తోక ఇంకా రాలేదు. ఎగరలేదు, గెంతుతుంది. చెట్టు మొదట్లో వదిలింది.

"ముట్టినవా? అయితే ఇగ తల్లి దాన్ని రానియ్యది. మనిషి వాసన పడ్డదంటే అంతే" అంది అత్తమ్మ పండ్లపుల్ల నములుతూ. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. నేను కూడా అదే నమ్మేదాన్ని. స్వరూప మొహం ఎలా మారిందో నేను చూశాను. అత్తమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

సాయంత్రం దాకా స్వరూప అరుగు మీద నుంచి కదల్లేదు. మేం దూరంగా ఉన్నప్పుడు తల్లి వచ్చింది, ఏదో పురుగు పెట్టిపోయింది. అది చూసి ఆమె నవ్వింది. ఆరు నెలల్లో అదే మొదటి నవ్వు. "అచ్చిందక్కా! నేను ముట్టినా గూడ అచ్చింది!" అని చిన్నపిల్లలాగా నా భుజం పట్టి ఊపింది.

నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా, కొంచెం. కానీ దాని కింద ఇంకేదో కదిలింది. దాన్ని ఇప్పుడు బయటికి లాగి చూడాలి. పెళ్లి చీరల పని మీద పడి ఉంది. ఇద్దరం పోయాల్సిన ఆసు ఆరు నెలలుగా నేనొక్కదాన్నే పోస్తున్నాను. రాత్రి భుజం వాచేది, ఉప్పు కాపడం పెట్టుకునేదాన్ని. ఇంట్లో అందరూ ఆమె చుట్టూ మెల్లగా నడిచేవాళ్లు. నాకూ ఒకసారి పోయింది, మీకు చెప్పలేదు కదూ. పెళ్లైన రెండో ఏట, ఐదో నెలలో. మూడోనాడే నన్ను ఆసు ముందు కూర్చోబెట్టారు. ఎవరూ మెల్లగా నడవలేదు. నేనూ అడగలేదు. తర్వాత నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు, ఆ పోయినదాని మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. స్వరూపను అందరూ చూసుకుంటుంటే నా లోపల ఒకామె అడిగేది: మరి నాకు? ఆ ఒకామెను నేను ఎరగనట్టే ఉన్నాను. అన్నం పెడుతూ, జుట్టు దువ్వుతూ, అక్కా అనిపించుకుంటూ. ఆమె మాత్రం లోపల కూర్చునే ఉంది.

ఇది సాకుగా చెబుతున్నానా? ఏమో. చెప్పకపోతే అబద్ధం అవుతుంది, చెబితే సాకు అవుతుంది. రెండిట్లో రెండోదే పెట్టుకుంటున్నాను.

మర్నాడు పొద్దున మా మరిది ఆమెను నల్లగొండ దవాఖానకు చూపించడానికి తీసుకుపోయాడు. అత్తమ్మ కేతేపల్లిలో చుట్టాల ఇంటికి పోయింది. బండి ఎక్కబోతూ స్వరూప వెనక్కి వచ్చింది. "అక్కా, జర చూస్తుండు. పిల్లి గిట్ల అచ్చేనో" అంది. "పో పో, నీ బిడ్డను నేనేం ఎత్తుకపోతలేను" అన్నాను. నవ్వింది. పోయింది.

ఆసు ముందు కూర్చున్నాను. తెల్ల పట్టు లడీలు, పోగుల చుట్టలు, దండెం మీద ఉన్నాయి. పిట్టలు రెండూ దండెం మీద వాలడం, చెట్టు మీదికి పోవడం, మళ్లీ వాలడం. ఒక లడీ మీద రెట్ట పడింది. తెల్ల పట్టు మీద ఆ మరక పోదు. నాకు కోపం వచ్చింది. లేచాను. కోళ్లను కమ్మే గంప తెచ్చి పిట్టపిల్ల మీద బోర్లించాను. పిల్లి రాకుండా అని నాకు నేను చెప్పుకున్నాను. కాకి దొర్లిస్తుందేమో అని పైన రాయి కూడా పెట్టాను. ఎంత జాగ్రత్త చూడండి.

మళ్లీ కూర్చున్నాను. చెయ్యి పోతూ వస్తూ ఉంది. తల ఎత్తకూడదు. ఎత్తాను.

తల్లి వచ్చింది. ముక్కున పచ్చటి పురుగు. గంప చుట్టూ గెంతింది. లోపల పిల్ల అరిచింది. తల్లి గంప మీదికెక్కి దిగి, మళ్లీ ఎక్కింది. కాసేపు చూసి పురుగుతోనే ఎగిరిపోయింది. నేను లేచి రాయి తీస్తే సరిపోయేది. నాలుగడుగుల దూరం. లెక్క పోతుందని లేవలేదు. నిజం చెప్పాలంటే లెక్క అప్పటికే పోయింది.

రెండోసారి రెండు పిట్టలూ కలిసి వచ్చాయి. గట్టిగా అరిచాయి. లోపల మగ్గం చప్పుడు, మా ఇంటాయనకు ఏమీ వినబడదు. నాకు వినబడుతుంది.

మూడోసారి తల్లి ఒక్కతే వచ్చింది. ఏదో ఎర్రటి చిన్న పండు తెచ్చింది. గంప అల్లికలో ఒక సన్న సందు ఉంది. అందులోంచి పిల్ల ముక్కు తెరిచి బయటికి పెట్టింది. తల్లి పండు అందించబోయింది. సందు చాలలేదు. పండు కింద పడింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ పడింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. అప్పుడు లేచాను. ఇన్నేళ్లుగా ఇక్కడికి వచ్చేసరికే ఆగిపోతాను. గంప ఎత్తడానికి లేచానా? అలాగే లేచానని అనుకునేదాన్ని. కానీ నా చేతులు చేసింది వేరే. చప్పట్లు కొట్టి, "హుష్" అన్నాను. తల్లి ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు.

ఎందుకు కొట్టాను? ఆ అరుపులు భరించలేకనా? తల్లి అంతగా ఆరాటపడుతుంటే చూడలేకనా? లేక, స్వరూపను ఇంట్లో అందరూ ఇంత ఇదిగా చూసుకుంటుంటే నా లోపల కూర్చున్న ఆమె లేచిందా? పదేళ్లుగా అడుగుతున్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది. ఏదీ నన్ను బయట పడేయదు.

నీడ జరిగింది. చెట్టు నీడలో ఉన్న గంప ఎండలోకి వచ్చింది. మా వైపు ఎండలు మీకు తెలుసు, బండ మీద కాలు పెడితే బొబ్బ లేస్తుంది. గంపను నీడలోకి జరపాలని తోచింది. తర్వాత జరుపుతాను అనుకున్నాను. వంట ఉంది. రొట్టెలు చేశాను, పప్పు పోపు పెట్టాను, మా ఇంటాయనకు పెట్టాను. తర్వాత అనే మాట ఎంత తేలిక. దానికి ఏ పాపమూ అంటనట్టు ఉంటుంది.

మధ్యాహ్నం దాటాక బండి చప్పుడైంది. స్వరూప చేతిలో ద్రాక్షపండ్ల కవరు. పిట్టపిల్లకు పెడదామని బస్టాండు దగ్గర ఆగి కొనుక్కొచ్చిందట. చెప్పులు విడవకుండా నేరుగా గంప దగ్గరికి పోయింది. రాయి తీసింది. గంప ఎత్తింది.

అక్కడే కూర్చుండిపోయింది.

"అక్కా... తల్లి రాలేదా?"

"రాలే."

"ఒక్కసారి గూడ?"

"రాలేదంటున్న గదా. నువ్వు ముట్టినవ్ కదనే. ముడితే ఎట్లస్తది?"

"నిన్న అచ్చింది గదక్కా."

"నిన్న తెల్వలేదేమో. వాసన పట్టినంక రాలే."

ఇంతే. ఇంతకు మించి ఏం అనలేదు. గొంతు కూడా పెంచలేదు. ఒక మనిషిని పొడవడానికి గట్టిగా మాట్లాడాల్సిన పనిలేదు.

ఎందుకన్నాను? గంప నేనే బోర్లించానని ఆమెకు కనబడుతూనే ఉంది. "పిల్లికి భయపడి కమ్మిన, ఎండ చూసుకోలే, తప్పైంది చెల్లె" అంటే ఏడ్చేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడోరోజు అక్కా అని పిలిచేది. అంత చిన్న మాట ఉండగా ఈ మాట ఎలా వచ్చింది? నోటికి అదే ముందు అందింది. నా తప్పు పెట్టడానికి ఒక జాగా కావాలి, ఆమెలో ఒక జాగా ముందే తవ్వి ఉంది. అది ఎక్కడుందో నాకు తెలుసు.

స్వరూప ఏడవలేదు. తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది, ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు. తర్వాత వాటిని కొంగు కిందికి పెట్టేసుకుంది. ద్రాక్షపండ్లు అక్కడే ఉన్నాయి. పిట్టపిల్లను ఆమె ముట్టలేదు. చేటలోకి ఎత్తి నేనే తీసుకుపోయి దొడ్డి గోడ పక్కన పూడ్చాను. చాలా తేలికగా ఉంది. చేటలో ఏమీ లేనట్టే ఉంది.

ఆ రోజు పోసిన ఆసు చీరకు కొంగు దగ్గర ఒక పువ్వు చెదిరింది. మా ఇంటాయన మగ్గం మీద నుంచే, "ఏందే, పిట్టలను చూసుకుంట పోసినవా?" అని ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత సంగతి వినండి. అసలు బరువు అక్కడే ఉంది.

స్వరూప చిన్నపిల్లల్ని ముట్టడం మానేసింది. మొదట ఎవరూ గమనించలేదు. వాడకట్టులో ఎవరైనా చంటిపిల్లను అందించబోతే, చేతులకు తడి ఉందనో, పిండి ఉందనో అనేది. తన సొంత చెల్లెలు బాలింతగా ఉన్నప్పుడు పోయి, తొట్టెను తాడు పట్టి ఊపి వచ్చిందట, పిల్లను ఎత్తుకోలేదట. వాళ్లమ్మ నాకు చెప్పుకుని బాధపడింది. నేను తల ఊపాను.

రెండేళ్లకు మళ్లీ నెల తప్పింది. ఏడో నెలలో గాజులు తొడిగించాం. మా ఊళ్లో గాజులు తొడిగే జాన్‌బీ, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. స్వరూప చేతులు చాపడం లేదు. జాన్‌బీ బుట్ట ముందు పెట్టుకుని, "ఏందమ్మా, చేతులు మీ అమ్మగారింట్ల మర్చిపోయి అచ్చినవా? గిట్ల తే. నా చెయ్యి పడ్డ చేతులల్ల ఎన్ని పిల్లలు ఆడినయో అడుగు" అని గుంజి తొడిగింది. అందరూ నవ్వుతున్నారు. స్వరూప నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. సాయం ఉంటుందేమో అని చూసినట్టు చూసింది. ఆ చూపుకు నేను పసుపు గిన్నె ఎక్కడుందో వెతకడానికి లోపలికి పోయాను.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, బరువుతో, గట్టిగా ఏడ్చే పిల్ల. అక్షిత అని పెట్టారు. స్వరూప పాలిచ్చేటప్పుడు రెండు చేతులకూ మెత్తటి పాత బట్ట చుట్టుకునేది. బట్ట లేకుండా పిల్లను పట్టేది కాదు. అత్తమ్మ తిట్టింది. దిష్టి తీయించారు. దవాఖానలో కూడా చెప్పారు, పచ్చి బాలింతలకు ఒక్కోసారి మనసు అలా అవుతుంది, నిదానంగా పోతుంది అని మందులిచ్చారు. అందరూ కారణం వెతుకుతున్నారు. కారణం వాళ్ల మధ్యనే కూర్చుని పిల్లకు నూనె రాస్తూ ఉంది. అవును, పిల్లకు నూనె రాసింది నేనే, స్నానం పోసింది నేనే, ఎత్తుకు తిప్పింది నేనే. ఊరంతా మెచ్చుకుంది. ఇట్లాంటి తోడికోడలు ఎవరికి దొరుకుతుంది అన్నారు. ఆ మెచ్చుకోలు నేను తిన్నాను. అరగలేదు, అయినా తిన్నాను.

ఆర్నెల్లకు బట్ట విప్పింది. పిల్ల తనంతట తానే పాకివచ్చి ఆమె వేళ్లు పట్టుకుంటే వదిలించుకోలేకపోయింది. కానీ ఇప్పటికీ పిల్లకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టదు. "అక్కా, జర నువ్వు చూడు" అంటుంది. నేను చూస్తాను.

ఇక ఈ ఎండాకాలం మాట.

అక్షిత ఇప్పుడు రెండో తరగతి. మొన్న దానిమ్మ చెట్టు కింద మళ్లీ ఒక పిగిలిపిట్ట పిల్ల కనబడింది. అక్షిత ఒక్క గెంతున పోయి చేతిలోకి తీసుకుంది. స్వరూప, "ముట్టకు!" అని అరిచిన అరుపుకు మగ్గాలు రెండూ ఆగిపోయాయి.

పిల్ల భయపడలేదు. "అమ్మా, ఏంగాదు. మా టీచరమ్మ చెప్పింది" అంది. వాళ్ల బడిలో చెప్పారట. ఈకలొచ్చిన పిల్ల కింద కనబడిందంటే అది తప్పిపోయినట్టు కాదు, ఎగరడం నేర్చుకుంటోంది అన్నట్టు. పిల్లి, కుక్క అందుకోకుండా దగ్గరి కొమ్మ మీద పెట్టి మనం దూరం పోవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, అన్నం పెట్టకూడదు, మూత వేసి దాచకూడదు. ఈకలు రానిదైతే గూట్లోనే పెట్టాలి. "మనం ముడితే తల్లి రాదనేది ఉత్తముచ్చటనట పెద్దమ్మా! తల్లి తప్పకుంట వస్తదట!" అని నాకు చెప్పింది. పిట్టను కొమ్మ మీద పెట్టి, మమ్మల్నందరినీ వసారాలోకి తోసుకొచ్చింది.

వచ్చింది తల్లి. ఎంతోసేపు పట్టలేదు. పిల్ల నోట్లో పురుగు పెట్టి పోయింది. అక్షిత చప్పట్లు కొట్టబోయి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

స్వరూప గోడకు ఆనుకుని నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. పిల్ల ఆడుకోవడానికి పోయాక నా పక్కన వచ్చి కూర్చుంది. ఆసు మీద నా చెయ్యి నడుస్తూనే ఉంది.

"అక్కా, అప్పుడు... తల్లి అస్సలుకే రాలేదా?"

చూడండి, దేవుడు ఎంత దగ్గరికి తెచ్చి పెట్టాడో. అడిగింది. తనంతట తానే అడిగింది. వచ్చింది అంటే చాలు. ఒక్క మాట. ఎవరూ లేరు. మగ్గాల చప్పుడు. నా నోట్లో మాట కూడా ఉంది.

"రాలే" అన్నాను.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా అంది:

"గట్లయితే అందరి చెయ్యి కాదు. నా చెయ్యే."

లేచి నీళ్లు పట్టడానికి పోయింది.

పదేళ్ల కింద నాకు తెలియదు, అత్తమ్మ మాట నమ్మాను అని ఎక్కడో చిన్న సందు పెట్టుకున్నాను. ఆ సందు మొన్న మూసుకుపోయింది. మొన్న నాకు అంతా తెలుసు. ఆమెను ఒక మాటతో విడిపించవచ్చని తెలుసు. విడిపించలేదు. ఇంకొంచెం గట్టిగా కట్టాను. ఎందుకు? పదేళ్ల మెచ్చుకోలు పోతుందనా? అక్షిత నన్ను పెద్దమ్మా అని మెడ కావలించుకోవడం ఆగిపోతుందనా? అవును. అదే. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

తెల్లారి ఆసు ముందు కూర్చున్నప్పుడు చెబుదామని నోరు తెరిచాను. "చాయ్ తాగుతవా?" అన్నాను. ఆ మర్నాడు మళ్లీ తెరిచాను. "పాలు పొంగుతున్నయేమో చూడు" అన్నాను. నా నోరు నాకు తెలిసిపోయింది. అందుకే అక్షిత రాసి వదిలేసిన నోటుబుక్కులో, వెనక మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ మాట రాస్తాను. తప్పులుంటే సరిచేసి చదవండి గానీ ఈ మాటను మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవండి.

తల్లి వచ్చింది. మూడుసార్లు వచ్చింది. నేనే వెళ్లగొట్టాను. స్వరూప చేతిలో ఏ దోషమూ లేదు. ఆనాడు అద్దాల పెట్టెలో పెట్టిన చేతిలోనూ లేదు.

రాశాను. గొంతులో ముద్ద పోయిందా అంటే పోలేదు. కొంచెం జరిగింది. గాలి ఆడేంత జరిగింది. దాన్ని క్షమాపణ అనుకోను. క్షమించాల్సిన మనిషి పక్క గదిలో పిల్లకు పాఠం చదివి వినిపిస్తోంది, ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. ఈ కాగితం ఆమె చేతిలో పడాలని ఉందా, పడకూడదని ఉందా అని అడిగితే రెండూ ఉన్నాయి. పేరు మార్చాను గానీ ఆమె చదువుకున్న మనిషి. మొదటి నాలుగు వరుసల్లోనే పట్టేస్తుంది. ఈ నోటుబుక్కు ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి ఒళ్లో ఉంది.

ఇంతసేపు కూర్చుని విన్నారు. నన్ను మంచిదాన్నని అనవద్దు, చెడ్డదాన్నని అన్నా కాదనను. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద గిన్నె నిండుగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరూ, ఎవరో అన్న మాటకు భయపడి తమ చేతులు తాము దాచుకునే రోజు రాకూడదు.